గజం నడక

ఇంటర్ మధ్యలోనే మానేసినా, ఇంగ్లండు రాజుల గురించి మీ డిగ్రీలవాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు. తెలియక ఎక్కడికి పోతుంది? మాబు సాహెబ్ వెంట పొలం గట్లన్నీ తిరిగినవాణ్ణి.

మాబు సాహెబ్‌ది చిలకలూరిపేట పక్కన మా ఊరే. పొలాలు నడిచి కొలుస్తాడు. కౌలు మాట్లాడుకోవాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా ముందు ఆయనకే కబురు వెళ్తుంది. ఆయన అడుగు సరిగ్గా గజం. ఒకసారి టేపు పెట్టి చూసినవాళ్లు చివరికి టేపునే మార్చుకున్నారు. వయసులో ఉన్నప్పుడు శివరామకృష్ణగారనే సర్వేయరు వెనక పొలాలు కొలిచే గొలుసు మోశాడు. గొలుసు అక్కడే వదిలేసి, ఆయన చెప్పిన కథలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

తొమ్మిది వందల ఏళ్ల కిందట హెన్రీ అనే రాజు చెయ్యి చాచి, తన ముక్కు నుంచి బొటనవేలి దాకా ఎంతో అంతే గజం అన్నాడట. ఆ తర్వాతి కాలపు ఎడ్వర్డు ఎకరానికి లెక్క కట్టించాడట. ఆ రాజులు మట్టిలో కలిసిపోయారు. వాళ్ల దేశంవాళ్లు వచ్చి మనల్ని ఏలి వెళ్లిపోయారు. మనం ఇంకా ఇంటి స్థలం గజాల్లో కొంటున్నాం, మిరప ఎకరాల్లో వేస్తున్నాం.

"నడుస్తుంటే ఆ గజం రాజు నా పక్కనే వస్తుంటాడ్రా. మాట్లాడడు. కాళ్ల నిండా మంచు తడి" అనేవాడు మాబు సాహెబ్, కళ్లు సగం మూసుకుని. నేనూ ఒకసారి చూశాను ఆ రాజుని. మన మిరపఘాటుకి ఆగకుండా తుమ్ముతున్నాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

మొన్న జనవరిలో వెంకటరావమ్మా, ఆమె మరిది వీరాంజనేయులూ చేను పంచుకోవాల్సి వచ్చింది. ఆమె భర్త పోయి ఏడాది. ఎకరం చేను, పొడవు రెండు వందల ఇరవై గజాలు. ఉత్తరపు సగం ఆమెది, దక్షిణపు సగం అతనిది.

పొగమంచులో పండిన మిరప ఎర్రగా మసకమసకగా కనిపిస్తోంది. మాబు సాహెబ్ ఉత్తరం నుంచి బయల్దేరి నూటపదో అడుగు దగ్గర ఆగాడు. అక్కడ కొయ్య పాతారు.

"అయిపోయిందిగా బాబాయ్, రా, టీ తాగుదాం" అన్నాడు వీరాంజనేయులు.

అలవాటు కొద్దీ ఆయన రెండో సగం కూడా నడిచాడు. నూటపది రావాలి. నూట ఇరవై ఒకటి వచ్చింది. నెల రోజులుగా మోకాలు వాచి ఉంది. అడుగు కురచైపోయింది. ఆ సంగతి ఆ క్షణం దాకా ఆయనకే తెలియదు, ఇప్పుడు ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే నలభై ఏళ్ల పేరు దక్కుతుంది, వెంకటరావమ్మకు ఆ తేడాలో సగం, ఐదు గజాల చేను పోతుంది.

గట్టు మీద కూర్చుని చాలాసేపు మంచులోకి చూశాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో నాకు తెలుసు.

తర్వాత లేచి కొయ్య పీకేశాడు.

"అడుగు తప్పిందమ్మా. టేపు తెప్పించండి."

"నీ అడుగు తప్పడమేంది బాబాయ్. కొయ్య పాతిన చోటు సరిగ్గానే ఉందిగా, ఉండనీ" అన్నాడు వీరాంజనేయులు.

"నీకు సరిగ్గానే ఉంటుందిలేరా. ఆ రాజు చెయ్యి మాత్రం ముసలిది కాలేదూ? అందుకే వెనకొచ్చినవాళ్లు గజాన్ని ఇనుపకడ్డీగా పోయించారు. ఇక నన్ను పిలవొద్దు."

టేపు వచ్చింది. కొయ్య ఐదు గజాలు దక్షిణానికి జరిగింది. వీరాంజనేయులు టీ ఊసే ఎత్తలేదు.

వెంకటరావమ్మ ఆయన చెప్పులు తీసుకొచ్చి ముందు పెట్టింది. "అన్నయ్యా, ఈ గట్టంట ఇంటికి పోదాం రా. నిదానంగా నడువు, తొందరేముంది."

ఆయన ఒక అడుగు వేశాడు. పెదాలు కదలబోయి ఆగాయి. తర్వాతి అడుగు చిన్నది, ఆ తర్వాతిది ఇంకా చిన్నది. మిరపచెట్ల మీది మంచు పంచెకు తగులుతుంటే, లెక్క పెట్టకుండా నడుస్తూ పోయాడు.