నెపం కుంకుమ బొట్టు మీద

సేత్తూరు దగ్గర కొండవాలులో మాకు మామిడి తోపు ఉంది. చెట్లకు కొట్టే మందు డ్రమ్ము మోయడానికి నాలుగు చక్రాల ఏటీవీ బండి కొన్నాను. యాక్సిలరేటర్ ఇరుక్కుంటే ఇంజన్ ఆపే సేఫ్టీ పెట్టె దానికి ఉంది. ఏదీ ఇరుక్కోకపోయినా అది ఆపేసేది. ఒకరోజు ఎగువకు వెళ్తుంటే ఇంజన్ ఆగి, బండి వెనక్కి జారి చెట్టుకు గుద్దుకుంది. నా కాలు నలిగిపోయేది, వెంట్రుకవాసిలో తప్పింది.

షోరూమ్ మెకానిక్ వచ్చి తాపీగా, "ఆయుధ పూజకి మీరు బండికి పెట్టిన కుంకుమ, సేఫ్టీ పెట్టె లోపలికి పోయినాది సార్" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "దాన్ని పీకి, నా కళ్ల ముందే విప్పప్పా" అన్నాను.

విప్పాడు. లోపల తుప్పు పట్టిన స్విచ్చి ఉంది, కుంకుమ రవ్వంత కూడా లేదు.

"ఇంక దీన్ని బిగించొద్దు" అన్నాను.

ప్రాణం మీదికి తెచ్చినదాన్ని సేఫ్టీ అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఈసారి ఆయుధ పూజకు ఆ పెట్టె నిండా కుంకుమ పోసి షోరూముకు పంపించాను.