ఇన్‌స్పెక్టర్ నా పేరు పిలిచిన రోజు

రెండేళ్ల కిందటి మాట. సిరిసిల్లలో ఒక కుట్టు యూనిట్లో షర్టులకు కాలర్లు కుట్టేదాన్ని. మేము మధ్యలో బయటికి పోకుండా వెనక తలుపుకు తాళం వేసేవారు. ఒక మధ్యాహ్నం వైరు కాలి హాలంతా పొగ కమ్మింది. ముందు తలుపు దగ్గర తోపులాటలో నిండు గర్భిణి రజిత కిందపడింది. అదృష్టం, ఏమీ కాలేదు.

మర్నాడే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్లో ఫిర్యాదు చేశాను.

"నీ పేరు బయటికి రాదమ్మా, చట్టమే గట్లున్నది" అన్నాడాయన.

వారం తిరగకముందే తనిఖీకి వచ్చాడు. మా యజమాని పక్కన ఉండగానే ఇన్‌స్పెక్టర్, "సుజాత ఎవరమ్మా? గా తాళం ఏడున్నదో సూపియ్యి" అన్నాడు.

మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ నావైపే చూశారు. లేచి వెళ్లి చూపించాను.

తాళం తీశారు. నెలాఖరుకు "పని తక్కువున్నది, రాకు" అని నన్నూ తీసేశారు. ఇన్‌స్పెక్టర్‌ను అడిగితే, "నోరు జారిందమ్మా, ఏమనుకోకు" అన్నాడు.

నన్ను తీసేసినందుకు వేసిన కేసు ఇప్పుడు నడుస్తోంది. "చట్టం నీ దిక్కే ఉన్నదక్కా" అంటాడు మా వకీలు. ఉండొచ్చు. వాయిదాలకు తిరిగి అలసిపోయాను. ఇప్పటికీ బజారులో ఎవరైనా "సుజాతా" అని గట్టిగా పిలిస్తే, వెంటనే పలకలేకపోతున్నాను.

— సుజాత, సిరిసిల్ల