తీతువు కూసిన చేను

నలభైల్లో, యుద్ధం ఇంకా సాగుతున్న రోజుల్లో, మా అక్కను క్షయకని మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో చేర్చాము. నాన్న పుంగనూరులోనే ఉండిపోయాడు, అక్కకు తోడుగా నేను వచ్చాను. మార్చికి కాస్త తేరుకుంది. కొద్దిదూరం నడవవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

కుప్పం నుంచి వచ్చి మిషన్ బడిలో పాఠాలు చెప్పే అయ్యవారొకాయన, తేరుకున్న రోగుల్ని శనివారం పొద్దున్నే పిట్టలు చూడడానికి తీసుకుపోయేవాడు. ఆ పనికి అందరం కొత్తవాళ్లమే. కానుగలు చిగురేస్తున్నాయి. ఆయన దుర్భిణి చేతులు మారుతుంటే నాకు విసుగు. గోరింకను గోరింక అనడానికి ఇంత తిప్పలా అని సణిగేదాన్ని. అక్క మాత్రం వారమంతా శనివారం కోసమే ఎదురుచూసేది.

మూడోవారం, దున్ని వదిలేసిన చేలో ఒక పిట్ట మా తలల మీద తిరుగుతూ కీచుగా అరిచింది. తీతువు. అది కూస్తే చావు తప్పదని మా అవ్వ చెప్పేది. మేము రోజూ ప్రార్థన చేసేవాళ్లం, శకునాలు నమ్మేవాళ్లను చూసి నవ్వేవాళ్లం. ఆ క్షణాన నాకు ఒక్క బైబిలు వాక్యమూ గుర్తు రాలేదు.

"భయపడొద్దండమ్మా. గుడ్లు ఈడే యాడో ఉండాయి. మనల్ని పొమ్మంటాండాది, అంతే" అన్నాడు అయ్యవారు.

అక్క అప్పటికే వంగి వెతుకుతోంది. "సూడు మే, రాళ్లల్లో రాళ్ల మాదిరి ఎట్లుండాయో!"

నేను ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను.

ఆ తర్వాత ప్రతి శనివారమూ ఒక అబద్ధం. ఎండ ఎక్కువుందన్నాను, డాక్టరమ్మ వద్దందన్నాను. అక్క అడగడం మానేసింది. వరండాలో కూర్చుని, పోయేవాళ్లను చూస్తుండేది. ఈస్టరు దాటాక ఎండలు ముదిరి ఆ నడకలూ ఆగిపోయాయి.

వానలకు జబ్బు తిరగబెట్టింది. ఒక సాయంత్రం ఆమె తల దువ్వుతూ, ఉండబట్టలేక ఏడ్చేసి, నిజం చెప్పాను. అక్క నవ్వబోయి దగ్గింది.

"నాకు తెలుసులే మే. డాక్టరమ్మను అప్పుడే అడిగినా, పోవచ్చనింది. నువ్వు ఒణికిపోతాంటివి. నిన్నింకా యాల భయపెట్టేదని ఊరుకుంటి."

వారానికి అక్క పోయింది. ఆ పిట్ట ఆమెకు ఏ కీడూ చేయలేదు. మిగిలిన ఆ కొన్ని శనివారాలనూ ఆమెకు లేకుండా చేసింది నేను.