మా ఊరి ఫలితం చదివిన సాయంత్రం

కర్నూలులో ఒక కేబుల్ ఛానల్‌కు ఇరవై ఏళ్లకు పైగా వార్తలు చదువుతున్నాను. మా తాత, మా నాయన డోన్ దగ్గర మా ఊరికి సర్పంచులు. భూములు పోయాక వాళ్ల నుంచి నాకు మిగిలింది నిటారుగా కూర్చోవడం, తొణక్కుండా మాట్లాడడం. ఈ ఉద్యోగం వాటివల్లే వచ్చింది.

మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో మా చిన్నాయన నిలబడ్డాడు. సాయంత్రం బులెటిన్‌కు ముందు మా విలేకరి ఫోన్ చేశాడు. చిన్నాయన ఓడిపోయాడు. గెలిచింది మూడు తరాలుగా మాకు పడని ఇంటివాళ్లు.

వెంటనే చిన్నాయన ఫోన్.

"ఆ వార్త సదవద్దు నాయనా. గెలుస్తామని ఏసిన పందిట్లో మనోళ్లు కట్టెలు పెట్టుకోని టీవీ ముందర కూచోనుండారు. యా ఛానల్లో చెప్పినా నమ్మడం ల్యా. నీ నోట్లో నుంచి వస్తే కొట్లాటకు లేస్తారు."

"చదవకపోతే లేవరా?" అని అడిగాను.

ఛానల్ యజమాని మంచివాడు. ఆ ఒక్క వార్త నా పక్కన వార్తలు చదివే అమ్మాయితో చదివిస్తానన్నాడు. వద్దన్నాను. నేను తప్పుకుంటే మా ఊళ్లో దానికి వేరే అర్థం తీస్తారు. అదీగాక, మా ఇంటి ఓటమిని ఇంకొకరి చేత చెప్పించుకునే అలవాటు మాకు లేదు.

మార్కెట్ యార్డులో ఉల్లి ధర చదివే గొంతుతోనే చదివాను. గెలిచినాయన పేరు పక్కన 'గారు' చేర్చాను, చిన్నాయన పేరు పక్కనా చేర్చాను. తర్వాతి వార్తకు వెళ్లేసరికి బల్ల మీద ఫోన్ అదరడం మొదలైంది, చిన్నాయన నంబరు. ఆగింది, మళ్లీ అదిరింది. కెమెరా నా మీదే ఉంది. ఊళ్లో ఎవరి తల పగిలిందో తెలియకుండా వాతావరణం దాకా చదివాను.

కెమెరా లైటు ఆరగానే ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక చిన్నాయన ఎత్తాడు.

"ఏమైంది?"

"ఏం కాల్యా. నీ గొంతు వణుకుతాదేమోనని అందరూ చెవులు పెట్టుకోని కూచున్న్యారు. వణకల్యా. ఓడిన ఇంటోడే ఒప్పుకున్న్యాక మనకేం పనప్పా అని ఒగాయన కట్టె కింద పెట్టి ఇంటికి పోయినాడు. ఆయన యనకాల తక్కినోళ్లు."

కాలర్‌కున్న మైకు తీసి బల్ల మీద పెట్టాను.

"మీ నాయనైతే సదివుండేటోడు కాదు," అన్నాడు.

"ఆయన ఎప్పుడూ ఓడిపోలేదు కదా," అన్నాను.

ఫోన్లో, ఆయన వెనక, పందిరి గుంజలు పీకుతున్న చప్పుడు వినిపించింది.