పొత్తులో మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు మా అన్నయ్య చెప్పలేదు. కూటమిలోని పెద్ద పార్టీ మండల నాయకుడు ఫోన్ చేసి చెప్పాడు. సొంత ఆడపడుచుకంటే ముందు ఆయనకు తెలిసిందా అని, ఏడుపు రాకముందే నాకు అది గుచ్చుకుంది.

మా చిన్న ప్రాంతీయ పార్టీలో వదినా నేనూ ఒకేరోజు చేరాం. అప్పట్లో కవిటిలో మా జెండా పట్టుకునే మనిషి లేడు. ఇద్దరం జీడితోటల వెంబడి నడిచి ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఉపన్యాసం నాది. జనానికి గుర్తుండేది మాత్రం వదిన. ఆవిడ గుమ్మంలో చతికిలబడి, ఆ ఇంటివాళ్లతోపాటు జీడిపప్పు పొట్టు తీస్తూ మాట్లాడేది.

మొదటి ఎన్నికల్లో ఒంటరిగా నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్నాం. తర్వాత పొత్తు కుదిరింది. వదినే అభ్యర్థి అని మేమంతా అనుకున్న సీటు, సర్దుబాటులో పెద్ద పార్టీకి పోయింది. జలంత్రకోట సమావేశంలో మావాళ్లు కుర్చీలు విసిరారు.

"ఇన్నాళ్లూ తిట్టినోల జెండా ఇప్పుడు మనం మొయ్యాలేటి?" అని నేనూ అడిగాను.

వదిన నెమ్మదిగా లేచింది. "పొత్తంటే ఒక కంచంలో తినడం కాదు పిల్లా, ఒక బంతిన కూకోడం. ఎవులి ఆకు ఆలదే. మన ఆకు సిన్నదని లేసి ఎలిపోతే, మనోలకి వడ్డించీదెవులు?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సీటు పోయినందుకంటే, ఆ మాట నా నోట రానందుకే ఎక్కువ బాధపడ్డాను.

ప్రభుత్వం వచ్చాక మా వాటాకు ఇక్కడ ఒక్క నామినేటెడ్ పదవి దక్కింది. అప్పటికే వదిన పలాసలో డయాలసిస్‌కు తిరుగుతోంది. "దానికియ్యండి, అది సేత్తాది" అని నా పేరు చెప్పింది ఆవిడే. టెక్కలిలో ప్రమాణ స్వీకారం అయ్యాక, దండ వేసిన పెద్ద నాయకుడు నన్నడిగిన మొదటి మాట: "మీ వదినకి ఎలా ఉందమ్మా?"

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. అక్కడా ఆవిడదే సభ. పక్క మంచం మీది అమ్మాయి పెద్ద పార్టీ కార్యకర్త.

"మా ఓట్లు లేకుంతే మీకు గవర్నమెంటెక్కడిదక్కా?" అంటోంది.

"అందుకే కదే, మీకు మంత్రులు, మాకు మాటలు" అని వదిన నవ్వింది. నన్ను చూసి, "కూకో పిల్లా. మా ఈదికి నీల పైపు రాలేదు. ఇప్పుడు నీకు కుర్సీ ఉంది, అడుగు" అంది.

అడిగాను. పట్టుబట్టి వేయించాను. నీళ్లొచ్చిన రోజు వీధివాళ్లు కొబ్బరి బొండాలు తీసుకెళ్లింది వదిన ఇంటికి. కిడ్నీ జబ్బుతో ఆవిడ ఆ నీళ్లు తాగకూడదని తెలిసీ, గుమ్మంలో పెట్టి వచ్చారు.

నన్ను నలుగురిలో నిలబెట్టింది ఆవిడే. అది మరవను. ఆవిడ పక్కన నిలబడితే నేనెవరికీ కనపడనన్నదీ మరవలేను.

పెద్దకర్మ నాడు, వదిన మెడలో ఎప్పుడూ ఉండే పార్టీ కండువా ఇమ్మని అన్నయ్యను అడిగాను.

"ఇచ్చీసినానమ్మా. ఆసుపత్రిలో పక్కమంచం పిల్లకియ్యమని మీ వదినే సెప్పింది" అన్నాడు.

ఆ అమ్మాయి అప్పుడే ఆటో ఎక్కుతోంది. తన పార్టీ రంగు కాని ఆ కండువాను మెడలో వేసుకోలేదు, సంచిలోనూ పెట్టలేదు. నాలుగు మడతలు వేసి, గాలికి ఎగరకుండా రెండు చేతులూ దాని మీద ఉంచుకుని కూర్చుంది. ఆటో కొబ్బరితోటల్లోకి మలుపు తిరిగేదాకా నేను ఆ చేతులవైపే చూస్తూ నిలబడ్డాను.