వియ్యపురాలి చెయ్యి

పోయిన సోమవారం పొద్దున షాద్‌నగర్ నుంచి చెల్లె ఫోన్ చేసింది. ఏడుస్తోంది. పాత అలవాటు కొద్దీ నా నోటి నుంచి ఒకటే మాట వచ్చింది.

"మళ్ల కొట్టిందా?"

"లే అక్కా. అత్త పోయింది."

కిరాణా దుకాణంలో పోయింది. గోధుమపిండి తోడిన డబ్బాతోనే బియ్యప్పిండి కూడా తోడుతున్నాడని, ఆ డబ్బా లాక్కుని దుకాణదారు మీదికే విసిరిందట. తిట్టింది, ఆయాసపడింది, పక్కనున్న బస్తా మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. డెబ్బై దాటిన మనిషి. షుగరు ఉంది, గుండెజబ్బు ఉంది. దెబ్బ తగిలిన దుకాణదారే ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాడు.

ఆమె మా చెల్లెకు అత్త. అమ్మ పోయాక చెల్లెను పెంచి పెళ్ళి చేసింది నేనే కాబట్టి, నన్ను "వియ్యపురాలా" అని పిలిచేది. ఆమెది నోటికంటే చెయ్యి ముందు లేచే స్వభావం. అది దాచిపెట్టి మంచి మాటలు మాత్రమే రాస్తే, చదివేవాళ్ళకు కనిపించేది ఇంకెవరో అవుతారు.

మాది నారాయణపేట దగ్గర ఊరు. పొద్దున జొన్నరొట్టె, మాపటికి అన్నం. గోధుమ అనేది పండుగలకే. చెల్లె పెళ్ళి తెలంగాణ వచ్చిన కొత్తలో అయింది. మరిదికి షాద్‌నగర్‌లో కంపెనీ నౌకరి. అత్తకు షుగరని డాక్టరు చపాతీలు తినమన్నాడు. ఇక ఆ ఇంట్లో అందరికీ రెండు పూటలా చపాతీలే.

ఆరు నెలల్లో చెల్లె ఎముకలగూడయింది. తిన్నది కక్కేది, కక్కనిది కడుపులో నిలిచేది కాదు. కడుపు పండి ఒకసారి పోయింది, మరుసటి ఏడు రెండోసారీ పోయింది. నేను వెళ్ళిన ఒక మధ్యాహ్నం నా కళ్ళముందే అత్త చపాతీ కర్రతో దాని వీపు మీద కొట్టింది.

"నా చేతి కూడు కక్కుతవానే? మీ అక్క పెట్టింది కడుపుల నిలుస్తది, నేను పెట్టింది నిలవదా?"

అడ్డం వెళ్ళాను. కర్ర నా మోచేతికి తగిలింది. ఆమె ఆగలేదు. మరిది వచ్చి కర్ర గుంజుకున్నాడు. చెల్లెను తీసుకుపోతానన్నాను. "తీస్కపో! బతికినంక పంపు!" అని తలుపు దబ్బున వేసింది. లోపల ఆమె ఏడుస్తున్న చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు దానికి విలువ ఇవ్వలేదు.

నేనూ మరిదీ చెల్లెను హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోయిన రోజు ఆమె కూడా పిలవకుండానే వచ్చింది. రక్తం తీశారు, నోట్లోంచి గొట్టం వేసి పేగు ముక్క తీశారు. దాని పేరు సీలియాక్ అన్నాడు డాక్టరు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుందట. అది చెల్లె పేగులను గీకేస్తోందట. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ, బతికినంత కాలం ముట్టొద్దన్నాడు.

"జరంత గూడనా సారూ?"

"గోటిమీద పట్టేంత కూడా వద్దమ్మా."

ఆమె తన బొటనవేలి గోరు చూసుకుంది. దాని కింద పొద్దున పిసికిన పిండి ఇంకా ఉంది. అక్కడే, డాక్టరు ముందే, అగ్గిపుల్ల తీసి ఆ పిండిని గీకి పారేసింది.

ఇంటికి రాగానే గోధుమపిండి డబ్బా మోరీలో బోర్లించింది. చపాతీ కర్రను గొడ్డలితో నాలుగు తునకలు చేసి నీళ్ళ పొయ్యిలో పెట్టింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో జొన్నరొట్టె, అన్నం. ఇక తగ్గుతుందనుకున్నాం.

తగ్గలేదు. రెండు నెలలైనా చెల్లె అట్లనే ఉంది. "దొంగతిండి తింటున్నవు" అని ఆమె అనుమానం. "లే అత్తా, నీ పానం తోడు" అని చెల్లె ఎంత మొత్తుకున్నా వినలేదు. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. ఫోన్ రాగానే బస్సెక్కాను. నుదుటిమీద గాయం చూసి, ఈసారి చెల్లెను తీసుకునే పోదామని బట్టలు సర్దుతుంటే, ఆమె జొన్నల సంచి నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పోయేటట్లుంటే పోండ్రి. దారిల తినడానికి రొట్టెలు చేసిస్త. గిర్నికి పొయ్యొస్త, జర సాయం రా వియ్యపురాలా."

ఎందుకో వెంట వెళ్ళాను.

గిర్నిలో పిండిమర మీద మా ముందు ఎవరిదో గోధుమ ఆడుతోంది. అది అయిపోగానే, ఆపకుండా, అదే నోట్లో మా జొన్నలు పోశాడు గిర్నాయన. ముందు వచ్చిన పిండి తెల్లగా, మెత్తగా పడింది. తర్వాత మా పచ్చజొన్నల పసుపు రంగు తిరిగింది. ముందోళ్ళ పిండి గుప్పెడు మనకు వస్తుంది, మనది గుప్పెడు వెనకోళ్ళకు పోతుంది. గిర్నిలో అది అందరం ఒప్పుకున్న పద్ధతి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, అందుకే ఎవరికీ కనిపించలేదు.

ఆమెకు కనిపించింది. సంచిలో చెయ్యి పెట్టి ఆ తెల్ల పిండి తీసి అరచేతిలో చూసింది. తర్వాత ఆ గుప్పెడు గిర్నాయన మొహాన కొట్టింది. ఇనుప జల్లెడ తీసుకుని మీదికి పోయింది.

"నేనేం జేసిన పెద్దమ్మా! గోదుమలల్ల ఇసమున్నదా?"

"ఉన్నది! నా కోడలికి ఉన్నది!"

నేనూ ఇంకో ఇద్దరూ పట్టుకుంటే గాని ఆగలేదు. ఆయన చెవి పక్కన రక్తం కారింది. నా కొంగు చింపి కట్టాను. ఆమె తరఫున క్షమించమన్నాను. ఆమె మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చి చెల్లె ముందు కూర్చుని రెండు చేతులతో తన చెంపలు తనే వాయించుకుంది. "ఉత్తగ కొట్టిన. ఉత్తగ కొట్టిన నిన్ను" అంటూ పెదవి చిట్లేదాకా కొట్టుకుంది. చెల్లె ఆ చేతులు పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. సర్దిన బట్టలు నేనే మళ్ళీ తీసి దండెం మీద వేశాను.

మర్నాడు అటక మీది ఇసుర్రాయి దించి, ఏడుసార్లు కడిగి, ఎండబెట్టింది. ఆ రోజు నుంచి పోయేదాకా చెల్లె తినే పిండి ఆమె చేత్తో విసిరిందే. మోకాళ్ళు వాచినా వేరేవాళ్ళను ముట్టనివ్వలేదు.

ఆమెకు చదువు రాదు. దుకాణంలో ప్యాకెట్ పట్టుకుని పక్కన ఎవరుంటే వాళ్ళ ముక్కు ముందు పెట్టేది. "దీంట్ల ఏమేమున్నయో సదువు. అన్ని సదువు, మింగకు." ఇంగువ డబ్బాలో మైదా కలుస్తుందని అట్లనే బయటపడింది. పులిహోర తిన్నప్పుడల్లా చెల్లె ఎందుకు పడిపోయేదో అప్పుడు తెలిసింది. పొడి మసాలాలు, సాసులు, చివరికి మందుబిళ్ళలు కూడా అడిగి గాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. "పేరు జూడకు, లోపట ఏముందో జూడు" అని చెల్లెకు రోజూ చెప్పేది. వాడకట్టు పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళ గరిటె మణికట్టుతో సహా పట్టుకునేది. చాలామంది పిలవడం మానేశారు.

ఇప్పుడు నా సంగతి.

చెల్లెకు మూడోసారి ఐదో నెల. బిడ్డ నిలవాలని సత్యనారాయణ వ్రతం మొక్కుకున్నాను. వాళ్ళ ఇంట్లోనే చేయించాను. ప్రసాదానికి గోధుమరవ్వ నేనే మూటగట్టి తెచ్చాను. వాళ్ళ పాత్రలకు అంటకూడదని ఎదురింట్లో వండాను. అంత జాగ్రత్త పడినదాన్ని, హారతి అయ్యాక చెల్లె నోటి దగ్గరికి చిటికెడు తీసుకుపోయాను. ప్రసాదం కాదంటే కీడని కథ వింటూ పెరిగినవాళ్ళం. దేవుడు పెట్టింది ఏమీ చేయదనుకున్నాను. చెల్లె నా మొహం చూసి నోరు తెరిచింది.

నా చెంప పగిలింది. చెవిలో గుయ్యిమంది. ప్రసాదం గిన్నె ఎగిరి పీట కింద పడింది.

పంతులు లేచి నిలబడ్డాడు. "ఇది అపచారమమ్మా!"

"గమ్మునుండు పంతులూ. పాపమైతే నాకు రాయమను, నా పేరు జెప్పు నీ దేవునికి." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు మొక్కుతవు, మంచిదే. గా బిడ్డకు ఏమన్నయితే నీ దేవుడొస్తడా తిరిగి ఇయ్య?"

నేను మోకాళ్ళ మీద కూర్చుని రవ్వ పలుకులన్నీ కొంగులోకి ఏరాను. ఒక్కటి మిగిలినా చెల్లె పాదానికి అంటుతుందని ఏరాను. కాసేపటికి ఆమె కూడా వంగి పీట ఎత్తింది. ఇద్దరం తడిగుడ్డతో ఆ జాగా తుడిచాం. చెంప మాత్రం నాలుగు రోజులు వాచే ఉంది.

నాలుగు నెలలకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఇప్పుడు మూడో తరగతి. ఇప్పటికీ నా పూజలో ప్రసాదం బియ్యపురవ్వతోనే. దేవుడు ఒక్కరోజూ కోపగించుకోలేదు.

చెల్లె వీపు మీద ఆ కర్ర గుర్తు ఇంకా ఉంది. నేను దాన్ని మర్చిపోలేదు, మర్చిపొమ్మని ఎవరికీ చెప్పను. ఆమె కోసం దీపం పెట్టినప్పుడు ఆ గుర్తునూ చెప్పుకుంటాను, ఇసుర్రాయితో కాయలు కాసిన ఆమె అరచేతినీ చెప్పుకుంటాను. రెండూ ఒకటే చెయ్యి.

మట్టి అయిన మర్నాడు చావింట్లో పొయ్యి వెలగలేదు. చెల్లె ముందురోజు నుంచి ఏమీ తినలేదు. వాడకట్టు వాళ్ళు వంటలు తెస్తారు, అది పద్ధతి. ఎవరింట్లో ఏ గరిటె, ఏ పిండి, నాకేం తెలుసు? అడిగే మనిషి పోయింది. చావింటికి కూడు తెచ్చినవాళ్ళను నిలదీసే నోరు నాకు లేదు. గడపలో కూర్చుని నామం చెప్పుకుంటున్నాను.

మొదట ఎదురింటామె వచ్చింది. మా వైపు అట్లా తెచ్చేవాళ్ళు మాట్లాడకుండా గిన్నె పెట్టి పోతారు. ఆమె పెట్టలేదు. మూత తీసి, లోపలున్న వాళ్ళకు వినబడేట్టు చెప్పింది.

"అన్నం. పెసరపప్పు. ఉప్పు, పసుపు, పచ్చిమిరపకాయ. ఇంగువ ఎయ్యలే. గిన్నె రెండుసార్లు తోమిన."

ఆమె వెనక ఇంకొకామె. "చింతపండు చారు. పొడి ఏం కలపలే. మిరియాలు నేనే దంచిన."

తల ఎత్తి చూశాను. మెట్ల కింద దాకా వరుస ఉంది. అందులో చాలామంది ఆమెతో తన్నులాడినవాళ్ళే. అందరికంటే చివర గిర్నాయన భార్య, టిఫిన్ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తన వంతు వచ్చేలోపు వేసినవాటి పేర్లలో ఒక్కటీ తప్పిపోకూడదన్నట్టు, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది.