చలికి మొరాయించిన మద్దిలేటి ఇంజను

మద్దిలేటి నోటి ముందు నిలబడి గెలిచినవాడిని ఈదమ్మ చూడలేదు. వాగు గుంత దగ్గరి కొట్లాటయితే ఆమె కళ్లముందే జరిగింది. అది రెండువేల రెండో సంవత్సరం, వానలు మొఖం చాటేసిన ఏడు. అమరచింత పక్కన వాగు ఎండిపోతే రైతులంతా కలిసి ఇసుకలో పెద్ద గుంత తవ్వారు. రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దున మొదట ఎవరు తోడుకుంటే వాళ్ల చేను నిండుగా తడుస్తుంది. ఆ మొదటి వంతు కోసం మద్దిలేటి, హన్మంతు పట్టుబట్టారు.

"పెద్దోన్ని నేను. ముందు వంతు నాదే," అన్నాడు హన్మంతు.

"పెద్దోనివే మామా, ఎవలు కాదన్నరు. కోడలు చాయ్ తెచ్చి లేపితే గద నీకు తెల్లారేది. నువ్వు లేచేదాంక గుంతల నీళ్లు ఆగుతయా?"

ఒడ్డు మీద కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. హన్మంతు కోడలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదటి వంతు మద్దిలేటికే వచ్చింది. కాకపోతే పెద్దమనుషులు ఒక షరతు పెట్టారు. ఎదురు గుట్ట మీద ఎండ పడేలోగా ఇంజను నడవకపోతే వంతు వెనకవాడిది.

ఈదమ్మ సంబరపడింది. వరసకు అత్తయ్యే ఆమె చేను మద్దిలేటి చేనుకు ఆనుకునే ఉంది. అతని ఇంజను నీళ్లే ఆమెకూ దిక్కు. ఇద్దరి వేరుశనగా పూత మీదుంది. ఇప్పుడు తడి అందకపోతే చేతికొచ్చేది గుల్లకాయలే.

గెలిచి ఏం లాభం. మొదటి వంతుతో పాటు చలి కూడా అతనికే వచ్చింది. ఆ డీజిల్ ఇంజనును చేత్తో తిప్పాలి. పైనున్న చిన్న లివరు లేపి, హ్యాండిలు గిరగిర తిప్పి, ఊపు రాగానే లివరు వదిలితే అందుకోవాలి. చలికాలం మొదట్లో అందుకునేది. రానురాను తుప్పు తుప్పుమని దగ్గి, పొగ కక్కి ఊరుకునేది. ఈలోగా గుట్ట మీద ఎండ పడేది. హన్మంతు తీరుబడిగా వచ్చి, "ఇంక లేవలేదా అల్లుడా? నీ ఇంజనుకు చాయ్ తెమ్మంటవా?" అంటూ తన పైపు గుంతలో దించేవాడు.

ఈదమ్మకు ఒళ్లు మండిపోయేది. మద్దిలేటి ఒక్క మాట వినడు. నూనె చిక్కబడిందేమో చూడమంటే "నాకు తెల్వదా" అంటాడు. డీజిల్ చిమ్మే నాజిల్ మార్పించాడు. డీజిల్ పైపులో గాలి చేరిందని నట్టు వదులు చేసి గాలి తీశాడు. ఇంజను తలకు వేడినీళ్లు పోశాడు. ఆ నీళ్లు కాచి, బిందెతో మోసుకొచ్చింది మాత్రం ఈదమ్మే.

మద్దిలేటివాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. చలికి వాళ్లెరిగిన మందు ఒకటే, గొర్రెబొచ్చు గొంగడి. పసిపిల్లకైనా ముసలివాళ్లకైనా అదే కప్పుతారు. కార్తీకం నుంచీ మద్దిలేటి ఇంజనుకూ కప్పాడు. తిప్పేటప్పుడైనా తీసేవాడు కాదు. వేడెక్కేదాకా ఉండనీ అనేవాడు.

చివరికి కొత్తకోట మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు. ఇంజను గాలి పీల్చే డబ్బా మూతి దగ్గర గుడ్డ మంట పట్టి తిప్పమన్నాడు. మర్నాడు మద్దిలేటి గొంగడి కాస్త పక్కకు జరిపి హ్యాండిలు పట్టాడు. ఈదమ్మ కట్టెకు గుడ్డ చుట్టి, అంటించి, మూతి దగ్గర పట్టింది. రెండు తిప్పులు తిప్పాడో లేదో ఆమె ముక్కు చిట్లించింది.

"ఓ అల్లుడా, ఆగు. బొచ్చు కాలిన వాసనొస్తుంది."

"నీ కొంగేమో చూస్కో అత్తా."

"నా కొంగు నూలుది. ఇది గొర్రెబొచ్చు. గొర్రెల ఇంట్ల పుట్టినోనికి నేను చెప్పాల్నా? ఆ గాలి డబ్బా ఇప్పు."

"గాలి డబ్బాల ఏముంటది, గాలే ఉంటది."

"ఇప్పుతవా, ఈ మంట నీ మీసాలకు పెట్టాల్నా?"

మంట ఇసుకలో ఆర్పి మూత విప్పారు. లోపలి జాలి నిండా బూడిదరంగు బొచ్చు, నానబెట్టి తొక్కినట్టు దట్టంగా పట్టేసి ఉంది. ఇంజను పీల్చిన గాలంతా గొంగడిలోంచే పీల్చింది మరి. ఇన్నాళ్లూ ముక్కు మూసి, లే లే అని దాన్ని తన్నుతున్నారన్నమాట.

ఈదమ్మ నాలుక చివరిదాకా ఎన్నో మాటలొచ్చాయి. కానీ గుట్ట కొన అప్పటికే ఎర్రబడుతోంది.

"నిన్ను తర్వాత తిడత. ముందు అది కడుగు."

మద్దిలేటి బొచ్చు పీకి, జాలిని డీజిల్‌లో జాడించి బిగించాడు. గొంగడి తీసి దూరంగా పడేశాడు. హ్యాండిలు తిప్పి లివరు వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, అందుకుంది. పైపులోంచి నీళ్లు కాలువలోకి దూకాయి. భుజాన పైపుతో వచ్చిన హన్మంతు అట్నుంచటే వెనక్కి మళ్లాడు.

అతను వినపడనంత దూరం పోయేదాకా మద్దిలేటి కాలువలో చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. తర్వాత ఈదమ్మ మొఖం చూడకుండా అడిగాడు.

"అత్తా, పాత నూలు చీరలుంటే ఇంజనుకు జర ఒక బొంత కుట్టియ్యరాదూ? హన్మంతు మామ అడిగితే మాత్రం నాకే కుట్టుకుంటున్న అని చెప్పు."